మైత్రేయుణ్ణి కానన్న మదనపల్లె మనిషి



మదనపల్లె అంటే మీకు ముందు టమోటా మార్కెట్ గుర్తొస్తుంది. కాస్త పాత సంగతులు తెలిసినవాళ్లకు బీసెంట్ కాలేజీ, 1919లో టాగూర్ అక్కడికి వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి రాసిచ్చిన ముచ్చటా గుర్తొస్తాయి. ఆ ఊళ్లోనే 1895 మే నెలలో పుట్టిన ఒక పిల్లవాడి కథ ఈసారి మీ చేతికిస్తున్నాం. లోకం ఆయనను జిడ్డు కృష్ణమూర్తి అని పిలిచింది.

ఆయన బౌద్ధుడు కాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. త్రిశరణాలు తీసుకోలేదు, ఇంకే శరణూ తీసుకోలేదు. మరి ధమ్మ పుస్తకాల్లో ఆయనకు చోటెందుకని మీరు అడగొచ్చు, అడగాలి కూడా. బడిలో పిల్లల మనసుల్లోకి హింస ఎట్లా దిగుతుందో, దాన్ని ఎట్లా పట్టుకోవచ్చో మన సీమ గడ్డ మీద పుట్టినవాళ్లలో ఆయన ఆలోచించినంతగా ఇంకొకరు ఆలోచించలేదని నేననుకుంటాను. పైగా రాబోయే బుద్ధుడి పేరు మీద తనకు వేసిన సింహాసనాన్ని తనే దిగి వచ్చినవాడు. ఈ రెండు సంగతులూ వేరువేరు కావు. అది మీకే తెలుస్తుంది, కథ వినండి.

తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో తహసీల్దారు. తల్లి సంజీవమ్మ. ఎనిమిదో కాన్పు కాబట్టి కృష్ణ పేరు పెట్టుకున్నారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేనే లేదు. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1911లో గానీ మన జిల్లా ఏర్పడలేదు. తండ్రికి బదిలీలు, పిల్లవాడికి మలేరియా జ్వరాలు. బడికి వెళ్లిన రోజులకన్నా మంచంలో ఉన్న రోజులే ఎక్కువ. పలకా బలపం లేని పిల్లలకు తనవి ఇచ్చేసి వట్టి చేతుల్తో ఇంటికొచ్చేవాడని తండ్రి తర్వాత చెప్పుకున్నాడు. పదేళ్లప్పుడు, 1905లో తల్లి పోయింది.

ఉద్యోగం నుంచి దిగిపోయాక నారాయణయ్య 1909లో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో చిన్న పని సంపాదించి పిల్లల్ని అక్కడికి తీసుకుపోయాడు. కృష్ణ, తమ్ముడు నిత్యానంద మైలాపూరులో బడికి నడిచి వెళ్లేవాళ్లు. పాఠం ఎక్కదు. చూపు ఎక్కడో ఉంటుంది. అయివారు దాదాపు రోజూ బెత్తంతో కొట్టేవాడు. మొద్దు అని పేరు పెట్టి వరండాలోకి తోసేసేవాడు, తర్వాత ఆ పిల్లవాడు అక్కడున్న సంగతే మర్చిపోయేవాడు. సాయంత్రం దాకా అట్లాగే నిలబడి ఉండేవాడట.

ఇక్కడ ఒక నిమిషం ఆగండి. ఆ వరండాలో నిలబడ్డ పిల్లవాడు మీకు తెలుసు. మన ఎస్సీ కాలనీ బడిలో ఉన్నాడు, తిరుపతి కార్పొరేట్ హాస్టల్లో ఆఖరి సెక్షన్‌లో ఉన్నాడు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం ఉంది. అయినా కొట్టైనా సరే దారికి తెండి సార్ అని బిడ్డను అప్పజెప్పే తండ్రులు మనలో ఎంతమంది లేరు? కొట్టడం పోయిన చోట ర్యాంకుల బోర్డు వచ్చింది. బెత్తం వాత రెండు రోజుల్లో మానుతుంది. బోర్డు మీది పేరు ఏడాదంతా కనిపిస్తుంది.

అడయారు సముద్రతీరంలో ఈ అన్నదమ్ముల్ని లెడ్‌బీటర్ అనే దివ్యజ్ఞాన సమాజ పెద్ద చూశాడు. ఈ పిల్లవాడిలో స్వార్థం మచ్చుకైనా లేదని, రాబోయే జగద్గురువు, మైత్రేయ బోధిసత్వుడు ఇతని శరీరంలోకే దిగి వస్తాడని ప్రకటించాడు. బడిలో మొద్దు అనిపించుకున్నవాడు ఏడాది తిరిగేసరికి దేవుడయ్యాడు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ క్రూరమో నాకు తేల్చుకోవడం కష్టం. రెండింటిలోనూ ఆ పిల్లవాణ్ణి అడిగినవాళ్లు లేరు.

1911లో ఆయన పేరు మీద నక్షత్ర సంఘం ఒకటి పెట్టారు. అనిబీసెంట్ ఆయనను కన్నకొడుకులా పెంచింది, ఇంగ్లండు తీసుకుపోయింది. పిల్లల్ని తిరిగి ఇమ్మని తండ్రి కోర్టుకెక్కాడు. మద్రాసు హైకోర్టులో ఆయనే గెలిచాడు, 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పు తిప్పేసింది. జగద్గురువు కావలసినవాడు ఇంగ్లండులో కాలేజీ ప్రవేశ పరీక్షలు రాసి తప్పుతూనే ఉన్నాడు. పట్టా అనేది ఆయన జీవితంలో లేదు.

తమ్ముడు నిత్యకు క్షయ పట్టుకుంది. అన్నదమ్ములకు ఒకరంటే ఒకరికి ప్రాణం. గొప్ప పని ముందుంది కాబట్టి నిత్య బతుకుతాడని, గురువులు మాట ఇచ్చారని చుట్టూ ఉన్నవాళ్లు ధైర్యం చెప్పారు. కృష్ణమూర్తి నమ్మాడు. 1925 నవంబరులో ఇండియాకు ఓడలో వస్తుండగా తమ్ముడు కాలిఫోర్నియాలో చనిపోయాడని తంతి అందింది. ఓడ గదిలో రోజుల తరబడి గుండెలవిసేలా ఏడ్చాడు. కొలంబోలో దిగేసరికి ఏడుపు ఆగిపోయి ఉంది. ఆయనకు చెప్పిన దేవతలూ గురువులూ ఆ నీళ్లలోనే మునిగిపోయారు. కిసాగోతమి కథ మీరు విహారంలో వినే ఉంటారు. బిడ్డ శవాన్ని ఎత్తుకొని ఆవాల కోసం ఇల్లిల్లూ తిరిగిన తల్లికి ఏ ఇంటి గడపలోనో తెలిసిన విషయం ఈయనకు ఓడలో తెలిసింది. దుఃఖానికి మందు ఇస్తామని చెప్పినవాళ్ల చేతిలో మందు లేదు.

నాలుగేళ్ల తర్వాత, 1929 ఆగస్టు 3న, హాలండులోని ఒమెన్ అనే ఊళ్లో నక్షత్ర సంఘం శిబిరం జరిగింది. మూడు వేల మందికి పైగా సభ్యులు, వాళ్లలో ముసలి బీసెంటమ్మ. ప్రపంచమంతా కలిపి నలభై వేలకు మించిన సభ్యులున్న సంఘం అది. ఆ రోజు కృష్ణమూర్తి లేచి సంఘాన్ని రద్దు చేస్తున్నానన్నాడు. సత్యానికి వేసిన రోడ్డు లేదని, సంఘం కట్టి జనాన్ని దాని మీద నడిపించలేమని, తనకు శిష్యులు అక్కర్లేదని చెప్పాడు. కానుకగా వచ్చిన కోటనూ భూములనూ ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేశాడు. అప్పటికి ఆయన వయసు 34.

మైత్రేయుడు దిగివస్తాడని ఎదురుచూసినవాళ్లకు అది పెద్ద దెబ్బ. మనకు మాత్రం అందులో పాత మాట ఒకటి వినిపిస్తుంది. కేసపుత్త ఊరి కాలాములు వచ్చి ఏ గురువును నమ్మాలని అడిగినప్పుడు, గురువు చెప్పాడని, పుస్తకంలో ఉందని, నలుగురూ అంటున్నారని ఒప్పుకోవద్దని బుద్ధుడు చెప్పాడు. కృష్ణమూర్తి ఆ సుత్తం చదివి ఇది చేశాడని నేననడం లేదు. తన పుండు ద్వారా అక్కడికి చేరాడు. మనమేమో బాబాసాహెబ్ విగ్రహానికి ఏప్రిల్ 14న దండ వేస్తాం, ఆయన రాసిన పుస్తకం అట్ట తెరవం. ఎవరో ఒకరు మన కోసం ఆలోచించి పెడితే చాలనుకునే అలవాటు మనకూ తక్కువ లేదు. ఆ అలవాటున్న చోట ఎవడు జెండా ఎత్తితే వాడి వెనక కర్రలు పట్టుకొని పోతారు. శాంతికి గురుభక్తి అడ్డం అని ఆయన పట్టుబట్టింది అందుకే.

ఇక బడి సంగతికి వస్తాను. మదనపల్లెకు పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, రిషికొండ కింద, ఎండిపోయిన ఒక లోయ. మధ్యలో ఒక పెద్ద మర్రిచెట్టు. 1920ల నడుమ ఆయన ఆ చోటు చూసి బడికి ఎంచుకున్నాడు. రిషివ్యాలీ స్కూలు 1926ను తన పుట్టిన సంవత్సరంగా చెప్పుకుంటుంది. కాశీలో గంగ ఒడ్డున రాజ్‌ఘాట్ బడి కూడా ఆ కాలపుదే. సంఘాలన్నీ వదిలేసిన మనిషి బడుల్ని మాత్రం చివరిదాకా వదల్లేదు. మీరు దీన్ని గమనించాలి. గుడి కట్టలేదు, మఠం కట్టలేదు, బడి కట్టాడు. తర్వాత ఇంగ్లండులో 1969లో, కాలిఫోర్నియాలో 1975లో కూడా బడులు వచ్చాయి.

రెండో ప్రపంచ యుద్ధం కాలంలో ఆయన కాలిఫోర్నియాలోని ఓహైలో ఉండిపోయాడు. బహిరంగ ఉపన్యాసాలు ఆగిపోయాయి. ఆవు పాలు పితుకుతూ, కూరగాయలు పండించుకుంటూ గడిపాడు. 1947 చివర్లో ఇండియాకు వచ్చేసరికి దేశం రెండుగా చీలి నెత్తురు కక్కుతోంది. చదువుకున్నవాళ్లే బాంబు చేశారు, చదువుకున్నవాళ్లే పక్కింటివాణ్ణి నరికే గుంపులకు దారి చూపారు. అయితే చదువు ఏం చేస్తున్నట్టు? 1953లో విద్య మీద ఆయన అచ్చు వేసిన పుస్తకం నిండా ఈ ప్రశ్నే ఉంది.

ఆయన జవాబును నాకు అర్థమైనంతలో చెప్తాను. బడిలో శాంతి గురించి ఒక పాఠం పెట్టి, పావురం బొమ్మ గీయించి, ప్రార్థన చేయించి పంపితే ఏమీ జరగదు. ఎందుకంటే మిగతా రోజంతా బడి హింసనే నేర్పుతోంది. పక్కవాడి కన్నా నువ్వు తక్కువ అని పోలిక పెట్టడం హింస. భయపెట్టి చదివించడం హింస. బహుమతి ఆశ పెట్టి చదివించడం కూడా దాని తోబుట్టువే, ఎందుకంటే ఒకడికి కప్పు ఇచ్చిన ప్రతిసారీ ముప్పై మందికి నీకు లేదు అని చెప్తున్నావు. మాది గొప్ప దేశం, మాది గొప్ప మతం, మాది గొప్ప కులం అని నేర్పడం హింస. పెద్దయ్యాక వీటికే తుపాకులు వస్తాయి. కాబట్టి పిల్లవాడికి నేర్పవలసింది తన కోపాన్ని తను చూడటం. కోపం తప్పు అని తిట్టకుండా, కోపం వచ్చింది గదా అని సమర్థించకుండా, అది ఎక్కడ పుట్టింది, ఒంట్లో ఎట్లా పాకింది, ఏ మాట దాన్ని లేపింది అని చూడటం. అయివారు కూడా పిల్లల ముందే తన కోపాన్ని అట్లాగే చూసుకోవాలి. ఇదే కష్టమైన భాగం.

ధమ్మం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. మజ్ఝిమ నికాయంలో బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పిన సుత్తం ఒకటుంది. అప్పటికి రాహులుడు ఏడేళ్ల పిల్లవాడని సంప్రదాయం. అద్దం ఎందుకు అని తండ్రి అడుగుతాడు, చూసుకోవడానికి అని కొడుకు చెప్తాడు. అట్లాగే ఒక పని చేసే ముందు, చేసేటప్పుడు, చేసిన తర్వాత దాన్ని చూసుకోమంటాడు, అది తనకూ ఇతరులకూ దుఃఖం తెస్తుందా అని. ప్రపంచంలో శాంతి విద్యకు మొదటి పాఠం ఇదేనని నా నమ్మకం. ఏడేళ్ల బిడ్డకు స్వర్గం ఆశ చూపలేదు, నరకం భయం పెట్టలేదు, అద్దం ఇచ్చాడు.

రిషివ్యాలీలో దీన్ని ఎట్లా నడిపారో కొంత చెప్పాలి. కొట్టడం లేదు, ర్యాంకులు లేవు. సాయంత్రం పొద్దు గుంకే వేళ పిల్లలు గుట్ట దగ్గర మాటల్లేకుండా కూర్చుంటారు, దాన్ని అస్తాచల్ అంటారు. మంత్రం ఉండదు, పటం ఉండదు. పొద్దు దిగుతుంది, పక్షులు గూటికి చేరతాయి, పిల్లలు చూస్తారు. కృష్ణమూర్తి చలికాలంలో వచ్చి కొన్ని వారాలు ఉండేవాడు. పిల్లలతో కూర్చునేవాడు. భయమంటే ఏమిటి, మీ నాయన అంటే మీకు భయమా, పరీక్ష అంటే ఎందుకు భయం అని వాళ్లనే అడిగేవాడు. అక్కడా రాజ్‌ఘాట్‌లోనూ చేసిన ఆ మాటామంతీ 1974లో పుస్తకమైంది. 1978 నుంచి తన బడులన్నింటికీ పదిహేను రోజులకొక ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. అప్పటికి 83 ఏళ్లు.

బౌద్ధులతో ఆయనకు జీవితాంతం సంభాషణ నడిచింది. 1956లో, బుద్ధ జయంతి 2500 ఏళ్ల ఉత్సవాలకు ఇండియా వచ్చిన యువ దలైలామా మద్రాసు వసంత విహార్‌లో ఆయనను కలిశాడు. నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష ఇచ్చిన ఏడాది కూడా అదే. శ్రీలంక భిక్షువు వాల్పోల రాహుల ఇంగ్లండు బడికి వచ్చి ఆయనతో రోజుల తరబడి మాట్లాడాడు. మీరు చెప్తున్నది బుద్ధుడు చెప్పిందే గదా అని రాహుల అడిగితే, ఎందుకు పోలుస్తున్నారు అని కృష్ణమూర్తి ఎదురు అడిగాడు. మన భిక్షువుకు ఆ జవాబు నచ్చలేదనే అనిపిస్తుంది, నాకైతే నవ్వొచ్చింది. బడిలో పోలిక వద్దన్న మనిషి తన విషయంలో మాత్రం ఎందుకు ఒప్పుకుంటాడు?

ఇంతవరకూ మెచ్చుకుంటూ వచ్చాను. ఒక చోట మాత్రం నాకు గట్టిగా అడ్డం తిరుగుతుంది.

1984 ఏప్రిల్‌లో, మళ్లీ 1985 ఏప్రిల్‌లో ఆయన న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి వేదిక మీద శాంతి గురించి మాట్లాడాడు. 1984 సంవత్సరపు శాంతి పతకం ఆయనకు ఇచ్చారు. జాతీయత అంటే పెద్దదైన తెగ పిచ్చే అని, మనిషి లోపల మారకుండా బయట సంస్థలు శాంతి తేలేవని ఆయన జీవితమంతా చెప్పిందే అక్కడా చెప్పాడు. సరే. అదే 1985 జూలై 17న మన రాష్ట్రంలో కారంచేడు జరిగింది. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవకు ఆరుగురు మాదిగ బిడ్డల్ని చంపారు. ఆ పల్లెవాళ్ల దగ్గరికి పోయి, ముందు మీ లోపలి కోపాన్ని చూసుకోండి అని నేను చెప్పలేను. మీరూ చెప్పలేరు. నీళ్ల దగ్గర హక్కు, భూమి, కోర్టులో న్యాయం, బడిలో సీటు, ఇవి లేకుండా శాంతి అంటే దెబ్బ తిన్నవాణ్ణి నోరు మూసుకోమనడమే. బాబాసాహెబ్ ధమ్మాన్ని సమాజపు పునాదిగా చెప్పింది ఇందుకే. ఒంటరి మనిషికి ధమ్మం అక్కర్లేకపోవచ్చు, ఇద్దరు మనుషులు కలిస్తే తప్పించుకోలేరని ఆయన వాదం. కృష్ణమూర్తి ఒక మనిషి లోపల మొదలుపెట్టాడు, అంబేడ్కర్ ఇద్దరు మనుషుల నడుమ మొదలుపెట్టాడు. పిల్లవాడికి రెండూ కావాలి. లోపల చూసుకోవడం మాత్రమే నేర్పిన బడి మంచి కుటుంబాల బిడ్డల్ని ఇంకాస్త మంచిగా తయారు చేసి ఊరుకుంటుంది. హక్కు మాత్రమే నేర్పిన ఉద్యమం, పెద్ద మాటలు మాట్లాడే నాయకుడు ఇంటికెళ్లి పెళ్లాన్ని కొట్టడం చూస్తుంది. చూశాం గదా.

రిషివ్యాలీ ఫీజు కట్టి చదివే హాస్టల్ బడి. కూలి చేసుకునేవాళ్ల బిడ్డ అక్కడ చేరడం సులువు కాదు. ఇది దాచాల్సిన విషయం కాదు. ఆ చుట్టుపక్కల వానల్లేని పల్లెలు, వేరుశనగ ఎండిపోయి బెంగుళూరు పనులకు పోయే కుటుంబాలు. ఈ గోడ దాటే పని చాలావరకు ఆయన పోయాకే జరిగింది.

ఆయన చివరిసారి లోయకు వచ్చింది 1985 డిసెంబరులో. వేర్వేరు దేశాల్లోని తన బడుల టీచర్లు అప్పుడు అక్కడ కలిశారు. ఒంట్లో శక్తి లేదు, బరువు తగ్గిపోతోంది. అయినా టీచర్లతో కూర్చున్నాడు, పిల్లలతో మాట్లాడాడు. జనవరి మొదట్లో మద్రాసులో ఆఖరి ఉపన్యాసం ఇచ్చి ఓహైకి వెళ్లిపోయాడు. క్లోమం క్యాన్సర్ అని తేలింది. 1986 ఫిబ్రవరి 17న, 90 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. తన తర్వాత తన తరఫున మాట్లాడే వారసుడు ఎవరూ ఉండకూడదని తేల్చి చెప్పి పోయాడు.

1980ల చివరి నుంచి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టూ ఉన్న పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపించారు. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతుల పిల్లలు. వాళ్లకు పుస్తకం బదులు కార్డులు తయారు చేశారు. పాఠాన్ని నిచ్చెన మెట్లుగా విడదీశారు. ప్రతి పిల్లా తన మెట్టు మీద తను ఉంటుంది, తన కార్డు తను తీసుకుంటుంది, జ్వరమొచ్చి పది రోజులు రాకపోతే ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. క్లాసులో ఫస్టు లేదు, లాస్టు లేదు. తెలిసిన పిల్ల తెలియని పిల్లకు చెప్తుంది. ఊరి అమ్మలు చెప్పే కథలు, పాటలు కార్డుల్లోకి వచ్చాయి. పిల్లలే తూకాలు వేసి అమ్మకాలు చేసే మెట్రిక్ మేళాకు ఊరంతా వస్తుంది, కులం చూసి కూర్చోబెట్టే పని ఆ సంతలో కుదరదు.

1995లో మైసూరు దగ్గర హెగ్గడదేవనకోట ప్రభుత్వ టీచర్లు వచ్చి ఇది చూసి వెళ్లారు, కర్ణాటకలో అది నలికలి అయింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల టీచర్లు వచ్చారు, తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులన్నింటికీ ఆ పద్ధతి పాకింది. పక్క రాష్ట్రాలు రెండూ మన పల్లెకు వచ్చి నేర్చుకుపోయాయి.

మీ విహారంలో ఆదివారం పిల్లల తరగతి నడుస్తుంటే ఒక చిన్న పని చేసి చూడండి. పంచశీలాలు అప్పజెప్పించిన తర్వాత, ఈ వారం ఎవరితో కొట్లాడావు అని ఒక్కొక్కరినీ అడగండి. తీర్పు చెప్పొద్దు. కొట్టే ముందు ఏమనిపించింది, కొట్టేటప్పుడు ఏమనిపించింది, తర్వాత ఏమనిపించింది అని మాత్రం అడగండి. మొదటి రెండు వారాలు పిల్లలు నవ్వుతారు, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్తారు. మూడో వారం నుంచి ఎవరో ఒకరు నిజం చెప్తారు. కులం పేరు పెట్టి తిట్టారని ఏ బిడ్డైనా చెప్తే మాత్రం అక్కడ ఆగకండి, సోమవారం పొద్దున్నే ఆ బడికి పెద్దల్ని తీసుకొని వెళ్లండి.

లోయను చూడాలనుకునేవాళ్లు తిరుపతి నుంచి పీలేరు మీదుగా మదనపల్లెకు, అక్కడి నుంచి కురబలకోట వైపు పోవాలి. బడి జరిగే చోటు కాబట్టి ముందుగా వాళ్లకు రాసి, ఒప్పుకున్న రోజునే వెళ్లండి. వీలైతే పెద్ద బడి ఒక్కటే చూసి రాకుండా పల్లె బడుల్లో కూడా ఒక పూట కూర్చోండి.